నీడ సంపాదించిన పాయింట్లు

“మీ ఊరికి రైలు తీసేయడం లేదు. రైలుకు టైర్లు తొడుగుతున్నాం, అంతే. ఒక్క ప్రయాణికుణ్ణి కూడా వెనక వదిలిపెట్టం.”

రోక్కాసెర్ర కొండమీద పట్టాలు పీకించిన రోజున రైలు కంపెనీ పెద్దమనిషి చర్చి మెట్ల మీద నిలబడి అన్న మాటలివి. బ్యాండు వాయించారు. తాళం పడ్డ స్టేషను ముందు నీలం బస్సొకటి తెచ్చి నిలబెట్టారు. మేమూ చప్పట్లు కొట్టాం, సిగ్గులేకుండా.

నిబంధనల కాగితం మరుసటి వారం వచ్చింది. బస్సు సీటు విడిగా అమ్మరు. కింద సముద్రం ఒడ్డున ఉన్న స్టేషనులో రైలెక్కేవాళ్లకే, రైలుతో కలిపిన టికెట్టు మీదే బస్సు. టికెట్టు కొని రైలెక్కకపోతే తిరుగు బస్సు రద్దు. ఆసుపత్రేమో ఆ స్టేషను ఎదురుగానే ఉంది. అక్కడిదాకా వెళ్లేవాళ్లకు రైలుతో పనేముంది? కానీ ఎవరో ఒకరు రైలెక్కాలి కదా. అందుకని నీడలు ఎక్కడం మొదలుపెట్టాయి.

దర్జీ జెరార్దాకు యాభై తొమ్మిదేళ్లు. కిడ్నీలు పాడై మూడేళ్లయింది. మంగళ, గురు, శనివారాల్లో ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. పొద్దున ఆరింటికి బస్సెక్కుతుంది. స్టేషనులో దిగి, చెప్పులు విప్పి, ప్లాట్‌ఫారం మీద ఎండ పడేచోట నిలబడుతుంది. నీడ మడమల దగ్గర ఊడుతుంది. నేల మీద జారుకుంటూ పోయి నేపుల్స్ రైలెక్కుతుంది. టీసీ టికెట్టు చూసి టిక్కు పెట్టుకుంటాడు. మధ్యాహ్నం రెండింటికి నీడ తిరిగొస్తుంది. చెప్పులుంటే అతుక్కోదు. అందుకే మూడింటి బస్సు ముందు మా ఊరివాళ్లంతా, డిసెంబరు చలిలో కూడా, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడతారు.

“జెరార్దక్కా, నీ నీడ లావైంది. నేపుల్స్‌లో ఏం తినొస్తోందో!” అంటుంది మఫాల్దా, పక్కింటావిడ.

“నాకు ఉప్పు కూడా వద్దన్నారు. అదైనా తిననీవే.”

ప్రతి ప్రయాణానికీ కంపెనీ ఇచ్చిన కార్డు మీద పాయింట్లు పడతాయి. ఇరవై వేలు నిండితే ఒక బహుమతి ప్రయాణం. అడగక్కర్లేదు, టికెట్టు దానంతటదే వచ్చిపడుతుంది. ఒకవైపు ప్రయాణం. రైలు మాత్రమే, బస్సు కలవదు.

ఈ మాటకు అర్థమేమిటో ఫిబ్రవరిలో తెలిసింది. రిటైరైన మాస్టారు విత్తోరినోకు వెరోనా దాకా బహుమతి వచ్చింది. తెల్లారేసరికి ఆయన నీడ గుమ్మం దాటి, బస్సు లేదు గనక కాలినడకనే కొండ దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఎలా వస్తుంది, తిరుగు టికెట్టేది? బస్సు తలుపుకు కన్నుంది. మెట్టు మీద నీడ పడితేనే తెరుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున పైన దీపం కూడా వెలుగుతుంది. మాస్టారి ముందు అది తెరుచుకోలేదు. డ్రైవరు రొక్కో చేత్తో లాగి తెరిస్తే ఇంజను ఆగిపోయింది. కొండచరియ పడ్డాక ఆ దారిలో బస్సు తప్ప వేరే బండిని పోనివ్వరు. అంబులెన్సు రెండు జిల్లాలకు ఒక్కటే. మాస్టారి కంటి ఆపరేషను తేదీ దాటిపోయింది. ఇప్పుడాయన మమ్మల్ని గొంతును బట్టి పోల్చుకుంటాడు.

జూన్ మొదటి సోమవారం జెరార్దా ఫోనుకు సందేశం వచ్చింది. “అభినందనలు! ఈ గురువారం ప్రయాణంతో మీ పాయింట్లు ఇరవై వేలకు చేరుతాయి.”

ఆమె ఎవరికీ చెప్పలేదు. మరుసటి సాయంత్రం ఆమె మేనల్లుడు కానియో గదిలోకొచ్చేసరికి, నేలమీద కూర్చుని నీడ అంచును గుండుసూదులతో చెక్కపలకలకు గుచ్చుతోంది. నీడ భుజాల మీద రెండు ఇస్త్రీ పెట్టెలున్నాయి.

“ఏం చేస్తున్నావత్తా?”

“కొలతలు చూస్తున్నా.”

ఆమె కూర్చున్నచోటు నుంచి కదలలేదు. నీడ మాత్రం కదిలింది. ఒక సూది ఊడి మంచం కిందికి దొర్లింది. కానియో ఫోను తీసుకుని సందేశం చదివాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు. చదవని పుస్తకం లేదు, ఎక్కని సభ లేదు. ఊళ్లో ప్రతి గోడమీదా వాడి అక్షరాలే: ప్రయాణం హక్కు, బహుమతి కాదు! సెప్టెంబరులో బారి నగరం వెళ్లి రైల్వే కార్మికుల పత్రికలో చేరాల్సి ఉంది. ఆ సందేశం రెండోసారి చదివేటప్పుడు వాడి నోటికి ఒక్క నినాదమూ రాలేదు.

బుధవారం పొద్దున కంపెనీకి ఫోను చేశాడు.

“మాకు పాయింట్లు వద్దండీ.”

“పాయింట్లు వెనక్కి తీసుకునే వీలు లేదు సార్,” అందొక అమ్మాయి, పాపం మర్యాదగానే.

“రేపు బస్సు మాత్రం ఇవ్వండి. రైలు వద్దు.”

“బస్సు విడిగా ఇవ్వం సార్.”

“ఆవిడ చచ్చిపోతుంది!”

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “కుటుంబంలో ఒకరికి పాయింట్లన్నీ బదిలీ చేయొచ్చు సార్. జీవితంలో ఒక్కసారే. ఇవాళ సాయంత్రం ఆరులోపు.”

కానియో కార్డు మీద సభలకు తిరిగిన పాయింట్లు కొన్ని ఉన్నాయి. అత్తవి కలిపితే ఇరవై వేలు దాటతాయి. నీడ పోయేది వాడిది.

“వద్దురా,” అంది జెరార్దా. “నీకు బారి ఉంది.”

“నీ కార్డు నెంబరు చెప్పత్తా.”

“గోడలమీద రాసుకో పో! నీ చొక్కాలకు రంగు మరకలు ఉతకలేక చస్తున్నా. ఇప్పుడు వీరుడవుతావా?”

“వీరుణ్ణేం కాదు. కాళ్లు వణుకుతున్నాయి, చూడు. నెంబరు చెప్పు.”

ఆమె చూసింది. నిజంగానే వణుకుతున్నాయి. వాటి కింద నీడ కూడా వణుకుతోంది. ఐదున్నర అయింది. ఐదూ నలభై అయింది. అప్పుడామె ఒక్కొక్క అంకే, దారంతో పూస గుచ్చినట్టు, ఆగి ఆగి చెప్పింది. పదహారు అంకెలు.

గురువారం తెల్లవారుజామున కానియో మేలుకునే ఉన్నాడు. పట్టుకుందామనుకున్నాడు. నీడను ఎక్కడని పట్టుకుంటాడు? అది వాడి మడమల నుంచి ఒలిచిన తొక్కలా ఊడొచ్చింది. కిటికీ పక్కన కాసేపు ఆగింది. పొడుగ్గా, సన్నగా, కొత్తగా ఉద్యోగంలో చేరబోయే కుర్రాడిలా ఉంది. తర్వాత మెట్లు దిగింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆరింటికి జెరార్దా బస్సు మెట్టు ముందు నిలబడింది. సూదులు గుచ్చిన చోట నీడలో చిన్న చిన్న వెలుగు చుక్కలు. రొక్కో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. తలుపు ఆలోచించింది. అవును, ఆలోచించింది, మేమంతా చూశాం. తర్వాత తెరుచుకుంది.

కానియో ఆమె వెనకే మెట్టు మీద కాలు పెట్టాడు, చూద్దామని. తలుపు మూసుకుంది.

ఆ రోజు ప్రయాణానికి జెరార్దా కార్డు మీద మళ్లీ మొదటి పాయింట్లు పడ్డాయి. కానియో ఆ వేసవంతా గోడల జోలికి వెళ్లలేదు. బారి పత్రిక వాళ్లకు రానని రాశాడు. ఆసుపత్రి వారాలను క్యాలెండరు మీద లెక్కపెట్టి కంపెనీకి ఒక ఉత్తరం రాసి రొక్కో చేతికిచ్చాడు. అందులో పుస్తకాల నుంచి అరువు తెచ్చుకున్న వాక్యం ఒక్కటి కూడా లేదు:

“అయ్యా, మా అత్తకు ఒక్కసారి బదిలీ అయిపోయింది. ఇంకోసారి లేదంటున్నారు. ఆమె నీడ వారానికి మూడుసార్లు మీ రైలెక్కుతూనే ఉంటుంది, ఎక్కకపోతే ఆమె బతకదు. ఎక్కిన కొద్దీ పాయింట్లు పెరుగుతాయి. బస్సులో ఒక్క సీటు, రైలు లేకుండా, ఆమెకు అమ్ముతారా అమ్మరా? అమ్ముతాం అనో, అమ్మం అనో రాయండి. అభినందనలు రాయొద్దు. నేను ఎక్కడికీ పోలేను గనక ఎన్నాళ్లైనా ఎదురుచూస్తాను. ఆమెకు అంత వ్యవధి లేదు. నా లెక్క ప్రకారం మళ్లీ ఇరవై వేలు నిండే రోజు ఒక గురువారం. మీ జవాబు దానికి ముందే అందాలి: 2027 అక్టోబరు 14.”