పసుపు తగిలిన పలుకు

మా అక్క నీరజ ముప్పై ఏళ్లుగా పట్టుపురుగు ఉమ్మి వెంట పడి తిరుగుతోంది. నవ్వకండి, నాకు ఒళ్లు మండుతుంది! దసలి అనే అడవిపట్టు గూట్లోని పురుగు, రెక్కలొచ్చాక బయటపడటానికి ఓ చుక్క ఉమ్ముతుంది. రాయిలాంటి గూడు మెత్తబడుతుంది. ఆ ఉమ్మిలోని ప్రోటీన్‌ను మొట్టమొదట విడదీసింది మా అక్కే.

దాని రూపం చూడాలంటే మాత్రం అది పటికబెల్లంలా పలుకు కట్టాలి. అది కడితేగా! హైదరాబాద్‌లో ల్యాబు పక్కనే ఏదో తవ్వకం, ఒకటే అదురు; అదిరితే పలుకు కట్టదట. ఈసారీ పలుకు రాకపోతే ఆ పని ఆపేయమని పైవాళ్లు తేల్చేశారు. మిగిలిన ప్రోటీనంతా ఓ ప్లాస్టిక్ పళ్లెం గుంటల్లో చుక్కలుగా వేసి, పైన టేపు అంటించి, చలికాలంలో ఇక్కడికి పట్టుకొచ్చింది. భూపాలపల్లిలో మా బొగ్గుగని క్వార్టర్‌లో పెట్టమన్నాను. "బొగ్గుబాయిల బాంబు పేలితే మీ గిన్నెలే ఎగురుతయ్ గదే" అని, టేకుమట్లలో మమ్మల్ని కన్న మా అవ్వ సమ్మక్క ఇంట్లో, వడ్ల గదిలో పెట్టింది.

"అవ్వా, దీన్ని జర గూడ కదిలియ్యకు."

అవ్వ కదిలించలేదు. ఆ గదిలో పిల్లిని కూడా అడుగు పెట్టనివ్వలేదు.

రెండు వారాలకు అక్క మైక్రోస్కోపు తెచ్చింది. నేనూ వెళ్లాను. చూస్తే టేపు ఓ మూల లేచి ఉంది. మొదటి గుంటలో పసుపు!

"అవ్వా! ఏం జేసినవే?"

"శుక్కురారం బొట్టు వెట్టిన. ఇంటికొచ్చిన కొత్త వస్తువాయె."

"ముట్టొద్దన్న గదనే!"

"కదిలియ్యద్దన్నవ్, కదిలియ్యలే. బొట్టు వెట్టద్దని ఎవలన్న అంటరా?"

అక్క కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ముక్కు చీదుకుంటూనే అక్క మైక్రోస్కోపులో చూసింది. మిగతా గుంటలన్నీ ఖాళీ. మొదటి దాంట్లో, పసుపు రేణువును పట్టుకుని నాలుగు పలుకులు తళతళమంటున్నాయి.

నేను చప్పట్లు కొట్టబోతే చెయ్యి పట్టుకుంది. "ఆగవే స్వాతీ. ఉప్పు గూడ గిట్లనే కడతది. పొడిచి చూడాలె. టక్కుమంటే ఉప్పు, మెత్తగ విరిగితే మనది."

అక్క సన్నటి సూది తీసి మైక్రోస్కోపు కిందికి పెట్టింది. పొడిచింది. "పెద్ద పలుకు సప్పుడు లేకుండ పొడైంది" అంటూ మళ్లీ ఏడ్చింది.

"పాయె! పోతే పోనీ బిడ్డా, ఏడ్వకు" అంది అవ్వ.

"మెత్తగ విరిగిందే అవ్వా! ఉప్పు గాదే!" అక్క అవ్వను ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది. నేనూ పట్టుకున్నాను. ముగ్గురం వడ్ల బస్తాల మీద పడ్డాం. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

అక్క హైదరాబాద్‌లో వాళ్ల పెద్దసారు వెంకట్రాంకు ఫోన్ చేసింది. పని ఆపొద్దంది. దేంట్లో పెరిగిందని ఆయన అడిగినట్టున్నాడు.

"పసుపని చెప్పకే, నవ్వుతరు" అని గిల్లాను.

"పసుపుల సార్," అంది అక్క దర్జాగా. "మా అవ్వ వెట్టిన బొట్టుల."

ఆయన ఇంకొంచెం పసుపు పట్టుకురమ్మన్నాడట.

అప్పుడు అక్క అవ్వను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్లుగా బిడ్డ ఏం చేస్తోందో అవ్వ ఎన్నడూ చూడలేదు. ఒంటి కన్నుతో కదలకుండా చాలాసేపు చూసింది. లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుని, అక్క వీపు మీద ఒక్కటి చరిచింది.

"గింత సక్కగున్నదాన్ని ఎందుకు పొడిసినవే, పాపపుదానా!"