బొటనవేలి తీర్పు

బేరిపళ్ల వాసన.

సొరుగు లాగితే చాలు, ఉన్నిబట్టల మధ్య నుంచి గుప్పుమంటుంది...

పచ్చిగానే కోసి సొరుగులో దాచడం, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడడం, ఇది ఇవాళ్టికి, ఇది రేపటికి అని తేల్చడం — ఆ ఇంట్లో అది ఆల్డెన్ థోర్న్‌లీ ఒక్కడి పని. ఎవరి బుద్ధితో వాళ్లు బతకాలని మసాచుసెట్స్ అంతా రైలెక్కి తిరిగి చెప్పిన మనిషి. బేరిపళ్ల దగ్గర మాత్రం కన్నకూతురి వేలిని కూడా నమ్మలేదు.

ఈ ఏడు కాయలు కోసి పెట్టింది కూతురే. ఆయన సొరుగు ముట్టుకోలేదు.

మాటలు పోతున్నాయి. ముందు మనుషుల పేర్లు పోయాయి. తర్వాత వస్తువులవి. కళ్లజోడుని ‘ఆ రెండు గాజుముక్కలు’ అంటున్నాడు.

ఊరికి అది తెలియదు; ఉపన్యాసానికి పిలిచింది. సభామందిరంలో ఒక్కసారి... చివరిసారి.

కాగితాలు చెదరకుండా కూతురు హిట్టీ దారంతో కుట్టింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఉపన్యాసాలు కుట్టేది ఆమే. ఈసారి కుట్టుకొక ప్రార్థన. ఒక్క గంట. ఆ ఒక్క గంట నాన్న నాన్నగా ఉంటే చాలు.

వేదిక పక్కనే కూర్చుంది, ఆయన కంటికి కనబడేలా.

మొదటి పుట సాఫీగా సాగింది. ఆ పాత గొంతే! హిట్టీకి ఏడుపొచ్చింది.

రెండో పుట. "లోకమంతా ఒప్పుకున్నా సరే, నీ మనసు ఒప్పనిది నమ్మకు..."

ఆగాడు.

"హిట్టీ, ఇది రాసిందెవరమ్మా?"

"మీరే నాన్నా."

ఆ వాక్యం వైపు మళ్లీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరో గానీ, మరీ ధీమాగా చెబుతున్నాడు. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు."

హిట్టీ కుర్చీలోంచి సగం లేచింది.

అంతలో — చప్పట్లు.

కమ్మరి పెలెగ్ బల్ల చరిచాడు. "అదీ మా మాస్టారంటే! తన మాటైనా సరే, ఊరికే ఒప్పుకోడు!"

నలభై ఏళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు. ఒక్కరికీ అనుమానం రాలేదు. గర్వంతో కళ్లు తుడుచుకుంటున్నారు.

హిట్టీ కూడా చప్పట్లు కొట్టింది. ఇంకేం చేస్తుంది?

ఇంటికొచ్చాక ఆయనే వెళ్లి సొరుగు లాగాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఒక పండు తీశాడు. తిప్పి తిప్పి చూశాడు. ఆమె వైపు చాచాడు.

"ఇది తినొచ్చా? నువ్వే చెప్పాలమ్మా."

తొడిమ దగ్గర బొటనవేలు ఆనించింది. నొక్కింది.

ఎంత మెత్తబడితే పండినట్టో ఆమెకు తెలియదు. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఆయన ఎదురుచూస్తున్నాడు...

గదినిండా బేరిపళ్ల వాసన.