ముకుతాడు లేని లారీ

రొద్దం పుల్లయ్య కొన్న ఎద్దు ఏనాడూ దారిలో కూలబడలేదు. ఆయన అమ్మిన ఎద్దుల సంగతి మాత్రం కొన్నవాళ్ళనే అడగాలి.

ఇరవై ఏళ్ళుగా పశువుల బేరమే ఆయన బతుకు. హిందూపురం సంత మొదలు గుడిబండ జాతర దాకా, పుల్లయ్య తువ్వాలు కింద అవతలివాడి వేళ్ళు పట్టి ధర చెప్పాడంటే అది ఖాయమే. సుడి చూసి ఆ ఎద్దు ఇంటికి మేలో కీడో చెప్పేవాడు. డెక్క చూసి ఎంత దూరం నడుస్తుందో చెప్పేవాడు. "ఇది ఆరు పండ్ల ఎద్దు, నాలుగేండ్లది" అని ఆయన అన్నాక, నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టడం ఆ చుట్టుపక్కల మర్యాద కాదు. పెడితే పుల్లయ్య మాట నమ్మనట్టు. ఎదుటివాళ్ళు ఇచ్చే ఆ మర్యాదే ఆయన అసలు పెట్టుబడి.

అంతటి మనిషికి పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో లారీ మీద మనసు పడింది. పెనుకొండ నుంచి ధర్మవరం మిల్లులకు శనక్కాయల మూటలు ఎద్దుబండ్లలో పోవడం తగ్గిపోయి లారీలకెక్కుతున్నాయి. "రేపు ఎద్దును ఎవడు కొంటాడే? నేను ఇప్పుడే గట్టెక్కాల" అని భార్య బాలమ్మతో అన్నాడు. హిందూపురంలో బెల్లం వ్యాపారి చిన్నస్వామి దగ్గర ఒక పాత లారీ ఉంది. యుద్ధం రోజుల్లో సైన్యం వాడి వదిలేసినది. పుల్లయ్య తన మడిచెక్క అమ్మిన డబ్బుతో పాటు ఒక జత ఎద్దులు ఇచ్చి దాన్ని తీసుకునేటట్టు మాట కుదిరింది.

లారీని ఆయన ఎద్దును చూసినట్టే చూశాడు. చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చక్రాలను కాలితో తన్నాడు. ఇంజను నడిపించమని, మూత మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఆయాసం లేదు" అన్నాడు.

"ఆయాసమా! అద్దం వెనక అంకెలు చూడప్పా. పద్దెనిమిది వేల మైళ్ళే తిరిగుండాది. ఇంకా కుర్రది" అన్నాడు చిన్నస్వామి.

గేరు మార్చినా కిక్కురుమనలేదు. అంత సాధువైన బండిని పుల్లయ్య ఎక్కడా చూడలేదు. పొంగిపోయాడు. పైగా తను ఇస్తున్న జతలో ఎడమ పక్క కట్టే దాపటెద్దు కొమ్ములు ఆ పొద్దున అద్దాల్లా మెరుస్తున్నాయి కదా, ఆ సంతోషమూ తోడైంది. ముందు రోజే గాజుపెంకుతో కొమ్ముల మీది వయసు గీట్లన్నీ గీకేసి, బాలమ్మ తెచ్చిచ్చిన ఆముదం పట్టించాడు. హుషారుగా నడవాలని బెల్లం కలిపిన కల్లు తాగించాడు. ఆరు పండ్లదని చెప్పిన ఆ ఎద్దుకు పదేళ్ళు దాటాయి. బరువుతో ఎగువ ఎక్కితే మోకాళ్ళ మీద పడిపోయే జబ్బు దానికుంది. ఆ సంగతి పుల్లయ్యకు తెలుసు, ఎద్దుకు తెలుసు. చిన్నస్వామి బండి తోలే అంజనప్ప ఎద్దు నోటి మీద చెయ్యి వేయబోయి, పుల్లయ్య ముఖం చూసి వెనక్కి తీసుకున్నాడు.

లారీ రొద్దం వచ్చిన రోజు ఊరంతా మూగింది. బాలమ్మ హారతిచ్చి, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఒకసారి చూసి అడిగింది.

"ఏమయ్యా, దీనికి ముకుతాడు యాడుండాది?"

అందరూ గొల్లుమన్నారు. పుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఇది ఎద్దు కాదే పిచ్చిదానా, లారీ!"

"లారీ అయితే నిలబడొద్దా? పట్టి లాగితే నిలిచేది ఏదో ఒకటి ఉండల్ల గదా?"

ఆమె అడిగిన మాటే మర్నాడు దేవసహాయం ఇంకో తీరుగా అన్నాడు. దేవసహాయానిది పెనుకొండ. సైన్యంలో బండ్లు తోలి, వాటి కింద పడుకుని రిపేర్లు నేర్చి వచ్చినవాడు. పుల్లయ్య అతన్ని డ్రైవరుగా కుదుర్చుకున్నాడు. అతను లారీ కింద దూరి అరగంటకు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"పుల్లన్నా, మైళ్ళ లెక్కను నమ్మొద్దు. అది లక్ష నిండితే మళ్ళా సున్నా కాడికొస్తాది. ఎన్నితూర్లు నిండిందో ఆ దేవునికే ఎరుక. మొదట బ్రేకులు ఇప్పి చూడల్ల. తరవాత స్టీరింగు, గేరుపెట్టె. టైర్లు ఇంకొన్నాళ్ళు ఆగుతాయి. రంగు ఆఖర్న."

"చేతిలో ఉండేది ఒక దానికే సరిపోతాదబ్బా."

"అయితే ఆ ఒకటి బ్రేకులే."

పుల్లయ్య నవ్వాడు. దేవసహాయానికి యంత్రం తెలుసునేమో గానీ, కొత్తగా కొన్నదాన్ని మొదట ఎట్లా చూసుకోవాలో తనకొకరు నేర్పాలా? "కొత్త ఎద్దు ఇంటికొస్తే మొదట ఏం చేస్తారబ్బా? కాళ్ళకు లాడాలు కొట్టిస్తారు. కాలు గట్టిదైతే ఎద్దు గట్టిది. దీనికీ మొదట కాళ్ళే" అన్నాడు. అన్నట్టే హిందూపురం పోయి ముందరికి రెండు కొత్త టైర్లు వేయించాడు. మిగిలిన దాంతో ఆకుపచ్చ రంగు, వెనక పలక మీద తెల్లని అక్షరాలతో ఇంటిదేవుడి పేరు. బ్రేకులకు పైసా మిగల్లేదు.

"తొక్కితే నిలుస్తాండాది గదా?" అన్నాడు.

"ఖాళీ బండి నిలుస్తాండాది" అన్నాడు దేవసహాయం. కానీ అతనికీ ఇంట్లో పొయ్యి వెలగాలి. మెల్లగా తోలతానని, దిగువలో చిన్న గేరులో పెట్టి పట్టుకుంటానని ఒప్పుకున్నాడు.

మొదటి లోడు పెనుకొండలో ఎత్తారు. అరవై మూటలు అనుకుని, చివరికి ఎనభై వేశారు. మొదటి బాడుగలో పట్టుచీర కొనిస్తానని పుల్లయ్య మాటివ్వడంతో బాలమ్మ కూడా ధర్మవరం బయల్దేరింది. డ్రైవరుకూ మొగుడికీ మధ్య, గాజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పుల్లయ్య కిటికీలోంచి మోచెయ్యి బయట పెట్టి, దారిలో ఎద్దుబండ్లవాళ్ళను చూసి చెయ్యి ఊపుతున్నాడు.

పెనుకొండ దాటాక దిగువ వచ్చింది. దేవసహాయం చిన్న గేరు వేశాడు. బండి గునగునా దిగుతోంది. సగం దిగువలో లోపల ఏదో టక్కుమంది. గేరు కర్ర దానంతటదే వెనక్కి తన్నుకొచ్చింది. దేవసహాయం దాన్ని పట్టి తోశాడు, అది కరిచినట్టు అరిచి మళ్ళీ వదిలేసింది. బ్రేకు తొక్కాడు. ఒకసారి పట్టింది. రెండోసారి సగం పట్టింది. మూడోసారి కాలు నేలకంటా పోయింది.

చెప్పు కాలిన వాసన కొట్టింది.

ఎనభై మూటలు వెనక నుంచి తోస్తుంటే లారీ గాలికంటే వేగంగా పోతోంది. ముందర దారి మధ్యలో పోతున్న ఒక ఎద్దుబండి, బండి నిండా నాట్లకు పోతున్న ఆడవాళ్ళు. దేవసహాయం హారను మీద చెయ్యి తీయలేదు. వాళ్ళలో ఒకామె వెనక్కి తిరిగి చూసింది. ఆమె ముఖం, తెరుచుకున్న నోరు, నుదుట పెద్ద బొట్టు, పుల్లయ్య చచ్చేదాకా మరిచిపోలేదు. దేవసహాయం చక్రం ఒక్కపెట్టున తిప్పేశాడు. లారీ దారి దిగి, గట్టు గుద్ది, దున్నిన చేనులో ఇరుసుల దాకా దిగబడి ఆగింది.

ఆడవాళ్ళకు ఏమీ కాలేదు. లారీలో బాలమ్మ నుదురు ముందరి ఇనుప పలకకు కొట్టుకుని పగిలింది. రక్తం కళ్ళలోకి కారుతున్నా ఆమె తుడుచుకోలేదు, ఏడవలేదు. రెప్ప వేయకుండా ముందుకి చూస్తూ కూర్చుంది. "బాలమ్మా! ఏమే! మాట్లాడే!" అని పుల్లయ్య భుజాలు పట్టి ఊపాడు. ఆమె పలకలేదు. ఆ రోజు పలకలేదు, మర్నాడూ పలకలేదు. అన్నం పెడితే తింది, రొద్దం తీసుకుపోతే వచ్చింది, మాట మాత్రం లేదు.

"గేరు నేను గట్టిగా పట్టల్యా అన్నా. తప్పు నాదే" అని దేవసహాయం తల పట్టుకున్నాడు.

మూడో రోజు ఆ చేనులోనే చక్రాలు విప్పారు. బ్రేకు దిమ్మల మీద ఉండాల్సిన పట్టీల బదులు పాత తోలు ముక్కలు మేకులతో కొట్టి ఉన్నాయి. కాలి, ముడుచుకుపోయి, నల్లగా. గేరుపెట్టె విప్పితే నూనెలో కలిపిన రంపపుపొట్టు గడ్డలు గడ్డలుగా బయటపడింది.

"ఇదెందుకబ్బా ఈడ?" అన్నాడు పుల్లయ్య.

"అరిగిపోయిన పళ్ళ చప్పుడు ఇనపడకుండాకు. అమ్మేటప్పుడు ఏస్తారు."

పుల్లయ్య గట్టు మీద చతికిలబడ్డాడు. ఇరవై ఏళ్ళలో తనను ఒక్కడూ మోసం చేయలేదు. ఆ గర్వమంతా రంపపుపొట్టయి కాళ్ళ దగ్గర రాలి ఉంది. కాసేపటికి ఒళ్ళంతా మంట పుట్టింది. తోలు ముక్కలన్నీ తువ్వాల్లో మూటగట్టి హిందూపురం బస్సెక్కాడు. చిన్నస్వామిని బజారు మధ్యలో నిలబెట్టి, ఆ తోలు నోట్లో కుక్కాలని దారి పొడవునా పళ్ళు నూరుతూనే ఉన్నాడు.

చిన్నస్వామి బెల్లం మండీ ముందర ఒక్కడే నిలబడి ఉన్నాడు. పుల్లయ్యను చూసి ఆశ్చర్యపోలేదు.

"నువ్వొస్తావని ఎదురు చూస్తాండా. నేనే రావల్ల అనుకుంటి. రా, లోపలికి రా" అన్నాడు.

మండీ వెనక కొట్టంలో ఒక నులక మంచం. దాని మీద అంజనప్ప. తొడ దగ్గర నుంచి పాదం దాకా వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. మంచం పక్కన అతని తల్లి నాగక్క విసనకర్ర పట్టుకుని కూర్చుంది. ఇంకెవరూ ఏమీ చెప్పకముందే పుల్లయ్యకు అర్థమైపోయింది.

అంజనప్ప ఆయన్ను చూసి లేవబోయాడు, లేవలేక నమస్కారం పెట్టాడు.

"పుల్లన్నా, నీ ఎద్దును చెడగొట్టినా అన్నా. గుడిబండ దావలో ఎగువ ఎక్కతా ఉంటే దాపటెద్దు మోకాళ్ళ మీద పడిపాయ. బండి వెనక్కి జారి నా కాలు మీదికొచ్చె. ఆరు పండ్ల ఎద్దు, ఊరికే పడతాదా? నేనే బరువు సరిగా సర్దల్యా. ఇరవై ఏండ్లుగా బండి తోలతాండా, ఇట్లాంటి తప్పు ఎప్పుడూ చేయల్యా."

"వానికి ఒళ్ళు బద్ధకం ఎక్కువాయ నాయనా. బండి మీద నిద్రపోయింటాడు. ఊరంతా అదే అంటాండారు" అంది నాగక్క. "సామి ఇంక వీణ్ణి పనిలో పెట్టుకుంటాడో లేదో."

చిన్నస్వామి గోడ వైపు చూస్తున్నాడు. ఎద్దు నోరు అతను ఈపాటికి తెరిచి చూసే ఉంటాడు. చూసీ అంజనప్పకు చెప్పలేదు. చెబితే, నువ్వేం ఇచ్చావని పుల్లయ్య అడుగుతాడని భయం. పుల్లయ్య చంకలో మూట ఉంది. దాన్ని విప్పడానికే ఇంత దూరం వచ్చాడు. చేతులు రాలేదు.

చేనులో తల పట్టుకున్న దేవసహాయం కనిపించాడు. తప్పు నాదే అన్నాడతను. ఇక్కడ ఇతనూ అదే అంటున్నాడు. ఇద్దరు వ్యాపారులు చేసిన పనికి ఇద్దరు పనివాళ్ళు తమను తాము తిట్టుకుంటున్నారు. పుల్లయ్యకు సిగ్గేసింది. బతుకులో అంత సిగ్గు ఆయన ఎరగడు.

"అంజనప్పా, ఆ ఎద్దుకు పదేండ్లు దాటినాయప్పా" అన్నాడు. "ఎగువొస్తే పడతాదని నాకు ముందే తెలుసు. కొమ్ములు నేనే గీకినా."

విసనకర్ర ఆగిపోయింది. అంజనప్ప తిడతాడని పుల్లయ్య ఎదురుచూశాడు. అతను తిట్టలేదు.

"అయితే నేను నిద్రపోలేదు కదన్నా?" అన్నాడు. అని, చంటిపిల్లాడి మాదిరి వెక్కివెక్కి ఏడ్చాడు.

పుల్లయ్య మూట విప్పి తోలు ముక్కలు చిన్నస్వామి చేతిలో పెట్టాడు. చిన్నస్వామి ముఖం పాలిపోయింది.

"ఎవురికన్నా దెబ్బ తగిలిందా?"

"నా పెండ్లాం మాట్లాడేది మానేసింది" అన్నాడు పుల్లయ్య, బయటికి నడుస్తూ.

తిరిగొస్తూనే చేనులోంచి లారీని లాగించి, కొత్త టైర్లు రెండూ విప్పి అమ్మేసి, పాతవే మళ్ళీ వేయించాడు. ఆ డబ్బుతో దేవసహాయం బ్రేకు పట్టీలు తెచ్చి బిగించాడు. "ఈ పొద్దు నుంచి నువ్వు ఏది మొదట అంటే అదే మొదట" అని పుల్లయ్య అతనికి మాటిచ్చాడు. హిందూపురంలో ఏం జరిగిందో మాత్రం దేవసహాయానికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

తొమ్మిదో రోజు పొద్దున లారీ ఇంటి ముందుకు వచ్చింది. బాలమ్మ నుదుట కట్టుతో గడపలో నిలబడింది. పుల్లయ్య ముందు చక్రం విప్పించి, పక్కకు జరిగాడు. ఆమె వచ్చి వంగి, కొత్త పట్టీని వేలితో తడిమి చూసింది. చాలాసేపు చూసింది.

"అంజనప్ప కాలు ఎప్పటికి నయమైతాదంట?" అంది.

తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన మాట అది. పుల్లయ్య దేవసహాయం వైపు చూస్తే అతను తల దించుకున్నాడు.

"ఆర్నెల్లంట."

"ఆ ఆముదం తెచ్చిచ్చింది నేనే గదా" అంది బాలమ్మ. "ఆర్నెల్లు వచ్చే బాడుగలో సగం ఆ ఇంటికి పంపియ్యి. మొదట ఆ కాలు. గేరైనా, టైర్లైనా, నా చీరైనా ఆ తరవాతే."

చక్రం బిగించాక ఆమె తనే లారీ ఎక్కి కూర్చుంది. మునుపటి చోటే, ఇద్దరి మధ్య. దేవసహాయం బండి కదిలించి, పది గజాలు పోగానే అడగకుండానే బ్రేకు తొక్కి చూపించాడు. లారీ ఉన్నచోటే నిలిచింది.

"ఇంక పోనీ" అంది బాలమ్మ.