బందరు లడ్డూ డబ్బా

మా అత్తగారు వెంకటరావమ్మగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ డాక్టరు చదువు చదవలేదు. చదివుంటే పెడనలో మరో డాక్టరుకి పని ఉండేది కాదు. ఆవిడ ఆసుపత్రి ఒక ఖాళీ బందరు లడ్డూ డబ్బా. ఆశపడి మూత తీసిన ప్రతి చుట్టానికీ అందులో మాత్రలే కనిపించేవి.

మందుల షాపులో అజిత్రో అనే యాంటీబయోటిక్ మాత్రల పట్టీ కొంటే ఒకటి మావయ్యగారికి, ఒకటి పక్కింటి సీతారావమ్మకి, మిగిలింది డబ్బాకి. నేతవాళ్ళింట్లో చీర మగ్గం మీద ఉండగా మంచం ఎక్కే హక్కు ఎవరికీ లేదు. మాత్ర మింగి మగ్గం గుంటలోకి దిగాల్సిందే.

మావయ్యగారు కోటిలింగంగారికి వేసవి నుంచీ దగ్గు. మాత్ర పడితే తగ్గేది, మళ్ళీ వచ్చేది.

"అత్తయ్యా, బెజవాడ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిద్దామండీ," అన్నాను.

"నూలు దుమ్ము దగ్గుకి ఫొటోలెందుకే మాధురీ? మా మావగారూ దగ్గారు, మా నాన్నా దగ్గాడు. డిగ్రీలో మగ్గం దగ్గు గురించి చెప్పలేదేమో నీకు."

మావయ్యగారు గుంటలోంచి నవ్వారు. "మీ అత్త మాత్ర పేరెత్తితే చాలమ్మా, దగ్గు భయపడి దాక్కుంటుంది."

నిజంగానే దాక్కుంది. వానాకాలానికి ఆయన ఒంటి మీద చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడింది. ఓ పొద్దున దగ్గితే నేస్తున్న తెల్లచీర మీద రక్తం పడింది. ఆయన నోరు తుడుచుకోలేదు, ముందు చీర తుడిచారు.

బెజవాడ ఆసుపత్రిలో డయానా డాక్టరుగారు మమ్మల్ని పక్కకి పిలిచారు. "టీబీ అండీ. బాగా ముదిరిపోయింది."

"అజిత్రో మాత్ర వేస్తే తగ్గేది కదమ్మా!" అన్నారు అత్తగారు.

"ఆ రకం యాంటీబయోటిక్ క్రిముల మీద పనిచేయడమే కాదండీ, మన ఒళ్ళు రోగంతో చేసే పోట్లాటని కూడా కాస్త చల్లబరుస్తుంది. వాపు తగ్గి ఊపిరి హాయిగా ఆడుతుంది. నయమైందనుకుంటాం. లోపల టీబీ మాత్రం దాని పని అది చేసుకుపోయింది."

"నూలు దుమ్ము కాదా అయితే?" అని మాత్రం అడిగారు అత్తగారు.

మావయ్యగారు ఆ ఆసుపత్రి మంచం మీదే పోయారు. చివరిదాకా దుప్పటి కింద ఆయన కాళ్ళు మగ్గం తొక్కుతూనే ఉన్నాయి.

పెద్దకర్మ అయిన మర్నాడు సీతారావమ్మ దగ్గుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "వదినా, ఒక్క మాత్రుంటే ఇద్దూ."

అత్తగారు డబ్బా తెచ్చారు. నేను ఏదో అనబోయాను. ఆవిడ మూత తీయలేదు. డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, సగం నేసిన చీర వంక చూస్తూ కూర్చున్నారు.

"మాత్ర లేదు. మాధురి నిన్ను ఎక్స్‌రేకి తీసుకెళ్తుంది. వెళ్ళు."

"ఈపాటి దగ్గుకేనా?"

"ఆయనదీ ఈపాటి దగ్గే." ఆ తర్వాత వీధిలోకి వినపడేలా అన్నారు. "ఈ పిల్ల ముందే చెప్పింది. నేనే వినలేదు. తప్పు చేశాను సీతారావమ్మా. నేనే తప్పు చేశాను."