పరదా కారు పరీక్ష

జమాల్ బాషాకు స్టీరింగు మీద ఉన్న పట్టు నోటి మీద లేదు. మద్రాసు కంపెనీవాళ్లు నవాబుల ఇళ్లకు అమ్ముకోవాలని కొత్తరకం కారొకటి తయారుచేశారు. లోపల మఖమల్ పరుపులు, చుట్టూ పట్టు పరదాలు. రాణివాసం బరువుకు బదులు వెనక సీట్లో బేతంచెర్ల బండలు పేర్చి, కంబళి కప్పి, ఎర్రటెండలో గండికోట కొండ ఎక్కించి చూడాలని ఇంజనీరు దొర పంతం. ఎక్కితే, ఆ కారు కొనే నవాబు దగ్గర డ్రైవరు ఉద్యోగం బాషాదే. ఆ ఆశతోనే రంజాను ఒక్కపొద్దు ఉండి కూడా తోలుతున్నాడు.

జమ్మలమడుగు దాటాక ఇంజను కుతకుత ఉడికి ఆగిపోయింది. వెంట తెచ్చిన నీళ్లన్నీ అప్పటికే అయిపోయాయి. బాగా చీకటి పడేలోపు కొండ ఎక్కకపోతే కారు పనికిరాదని రాసేస్తానన్నాడు పక్క సీట్లోని దొర.

దోవ పక్క గుడిసెలో నన్నీ బీ, ఆమె ముసలి అత్త, ఇద్దరు పిల్లలు ఉంటారు. వాన మొహం చూడని ఊళ్లో మోటారుకు నీళ్లడిగితే చీపురు తీసుకుంటారని బాషాకు తెలుసు. గడప ముందు నిలబడి నోటికొచ్చింది చెప్పేశాడు.

"అక్కా, కారులో బేగమమ్మ శోషొచ్చి పడిపోయిండాది. నీళ్లుంటే ఇయ్యక్కా."

"అయ్యో పాపం! ఒక్కపొద్దు ఇడిచేకని ఏటి చెలమలో తోడుకొచ్చిన కుండ ఒకటుండాది. ఎత్తకపోప్పా. ఆ యమ్మ పానం ముఖ్యం."

సగం చాలక్కా అనవలసింది. అనలేదు. కుండ భుజానికెత్తుకుని సిగ్గుతో గబగబా నడిచాడు.

కుండెడు నీళ్లూ రేడియేటరు మింగేసింది. ఇంజను పలికింది. దొర నవ్వుతూ బాషా వీపు తట్టాడు. అంతలో వెనక అలికిడైంది. ఒక చేత తడిగుడ్డ, ఇంకో చేత చెంబు పట్టుకుని నన్నీ బీ వస్తోంది. పరదాలో ఉన్న మనిషి, మగవాళ్లు ముట్టుకోకూడదు, ఆడదిక్కుండాలని పాపం పరుగెత్తుకొచ్చింది. బాషా అడ్డం వచ్చేలోపే పరదా తీసి లోపలికి వంగింది.

"బేగమమ్మా, లెయ్యమ్మా," అంటూ మెల్లగా కంబళి తొలగించింది.

బండలు కనబడ్డాయి. వాటి కింద మఖమల్ పరుపూ కనబడింది.

ఆమె కంబళి మళ్లీ కప్పి, వెనక్కి తిరిగింది. బాషాకు ఆ నేల చీలితే అందులోకి పోదామనిపించింది.

"తిట్టక్కా," అన్నాడు.

"కారుకని చెప్పుంటే సగం ఇచ్చుందునే," అంది. "సగం మేం తాగుందుము."

ఊళ్లో మసీదు నుంచి బాంగు వినబడింది. ఒక్కపొద్దు విడిచే వేళ.

"నువ్వు ఒక్కపొద్దుండావా?"

తలూపాడు. ఈ ఒక్కటీ అబద్ధమైతే బాగుండుననుకున్నాడు.

బేగమమ్మకని తెచ్చిన చెంబు అతని చేతిలో పెట్టింది. అందులో ఇంట్లో మిగిలిన ఆఖరి రెండు గుక్కల నీళ్లున్నాయి.

"వద్దక్కా. మీరు..."

"మా గడపకొచ్చి అడిగిన మనిషివి. నువ్వు ఇడిస్తేనే మేం ఇడిచేది. తాగు."

దొర తొందరగా రమ్మని హారను మోగించాడు. బాషా చెంబెత్తాడు. గుడిసె వాకిట్లో ముసలామె, పిల్లలిద్దరూ నిలబడి, అతని గొంతు కదలడమే చూస్తున్నారు.