ఎంత పల్చగా

"వసుధ తట్టితే ఓళిగ తమలపాకు మాదిరి వస్తాది. మంచి చెయ్యమ్మా ఆ పిల్లది" అని మా అత్త రాజేశ్వరమ్మ కుప్పంలో మా వీధి వీధంతా చెప్పుకొచ్చింది. కొత్త కోడల్ని, మురిసిపోయాను. ఆ తర్వాత చుట్టాల్లో ఏ శుభకార్యమైనా బొబ్బట్లు తట్టేందుకు అరటాకూ నూనె గిన్నే నా ముందుకే వచ్చేవి.

రోజూ రైలెక్కి వెళ్లే బెంగళూరు ల్యాబులోనూ నాది పల్చన చేసే పనే. గోరంత పలక మీద సూపర్‌కండక్టర్ పొర ఉంటుంది. విపరీతమైన చలిలో పెడితే అందులో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దాంతో గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే సన్నని అయస్కాంత శక్తిని పసిగట్టే సెన్సర్ చేయాలని మా తాపత్రయం. పొర గరుకుగా ఉంటే సెన్సర్ నిండా రొదే. ఎక్కువ అరగదీస్తే పొర చచ్చిపోతుంది. నీళ్లు తగిలినా పాడే. స్పిరిట్ చుక్కలతో ఆగి ఆగి, చూసుకుంటూ రుద్దాలి. శాంతిపురంలో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపే మా ఆయన యువరాజ్‌కి ఇదంతా తమాషా. "నేను దినానికి లారీడు బండలు నున్నగా చేస్తాండాను. నువ్వు నెలంతా గోరంత దాన్ని రుద్దతా ఉండావు. బకెట్ నీళ్లు పోసి మిషన్ పెట్టు, అయిపోతాది!" అనేవాడు. నాకూ నవ్వొచ్చేది.

రెండువేల నాలుగులో పొర కుదిరింది, సెన్సర్ పలికింది. దాని గురించి మాట్లాడమని మదనపల్లె కాలేజీ సెమినార్‌కి పిలిచారు. అదే రోజు పుంగనూరులో మా ఆడబిడ్డ మాలతి సీమంతం. "ఓళిగలు నువ్వే తట్టాల" అని అత్త ముందే వెళ్లిపోయింది. మా ప్రొఫెసర్ కూడా "ఇంట్లో ఫంక్షన్ కదమ్మా, సాయికుమార్ మాట్లాడతాడులే. నీ చెయ్యి మంచిది, అతని నోరు మంచిది" అన్నాడు. మా ల్యాబులోనే పనిచేసే సాయికుమార్ ఆ పొరను ఒక్కసారైనా ముట్టుకున్న పాపాన పోలేదు. ఒళ్లు మండింది. "నోరు నాకూ ఉంది సార్, నేనే మాట్లాడతాను" అనేశాను. ఇంట్లో చెబితే రాత్రంతా వాదన, బస్సులో చెప్పొచ్చులే అనుకున్నాను.

పిండీ పూర్ణం డబ్బాలతో ఇద్దరం మదనపల్లె బస్సెక్కాం. టికెట్లు నేనే తీశాను.

"పుంగనూరోళ్లు దిగండప్పా!" అని కండక్టర్ అరిచాడు. యువరాజ్ లేచాడు. నేను లేవలేదు.

"దిగు వసుధా, అమ్మ ఎదురుసూస్తాంటాది."

"నా టికెట్ మదనపల్లెకండీ. సెమినార్లో నేనే మాట్లాడాల. సాయంత్రానికి వచ్చేస్తా."

"మరి ఓళిగలు ఎవురు తట్టేది?"

డబ్బాలు రెండూ ఆయన చేతుల్లో పెట్టాను. "లారీడు బండలు నున్నగా చేసే మంచి చెయ్యి కదా మీది. బకెట్ నీళ్లు మాత్రం పోయొద్దండీ!"

వెనక సీట్లో ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆయన మొహం మాడ్చుకుని దిగాడు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఎంత పల్చగా తట్టాల?" అని అడిగాడు, వస్తున్న నవ్వును ఆపుకుంటూ.

"చినిగేదానికి ముందే ఆగాల!" అని అరిచాను. మదనపల్లెలో నేను చెప్పబోయేదీ అదే.