తిప్పే మర

నేను ఇడ్లీ పిండి రుబ్బుతుంటే మా అత్తయ్య రాఘవమ్మ గారు వంటింటి గట్టు మీది నా సర్క్యూట్ బోర్డును చూసి, ఆ తీగలు తీసేస్తే కూరగాయలన్నా కోసుకోవచ్చు అన్నారు. సారపాకకు కాపురానికొచ్చాక ఇంజనీరింగ్ చదువును గట్టు మీద ఆ మూలకు సర్దుకున్నాను. ఖమ్మంలో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం ఖాళీ ఉంది. అది రావాలంటే సొంతంగా కట్టిన ప్రాసెసర్ సర్క్యూట్ అక్కడ నడిపి చూపించాలి.

ప్రాసెసర్ పని చేయాలంటే టిక్ టిక్‌మని తాళం పడాలి. దాన్నే క్లాక్ అంటాం. తాళం తప్పితే లెక్కంతా తప్పుతుంది. నేను పెట్టిన టైమర్‌కు వేగం సరిచేసేందుకు స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మర ఒకటుంది. సాయంత్రం సరిచేస్తే పొద్దున్నకల్లా చెడిపోయేది. ఎండ అనుకున్నాను, ఇడ్లీ ఆవిరి అనుకున్నాను, చివరికి నా బుర్రే అనుకున్నాను. మా ఆయన భాస్కర్ మిల్లులో టెక్నీషియన్. అయినా నీ తీగల సంగతి నాకేం తెలుసు అంటూ, ఇన్నేళ్లు వంట చేస్తే చదువు ఆవిరి కాదా అని నవ్వేవాడు. నిజమే కాబోలనుకుని ఏడ్చాను కూడా.

మర లేని క్లాక్ కావాలి, ఖమ్మం నుంచి తాళం తప్పని క్రిస్టల్ ముక్క తెమ్మని ఆయనతో అన్నాను. గోడ గడియారం తెచ్చాడు.

"క్లాక్ అడిగినవ్ గదా. గోడకు కొట్టుకో."

తల్లీకొడుకులు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. మధ్యాహ్నం దాన్ని విప్పితే లోపల బియ్యపు గింజంత క్రిస్టల్ కనిపించింది. దానికి తగిన చిప్ నా డబ్బాలోనే ఉంది. పాత టైమర్ తీసేసి వాటిని బిగించాను. టీ వేళ దాకా బోర్డు మీది లైట్లు ఒక్క లెక్కా తప్పలేదు. సంతోషం పట్టలేక ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఈ రోజే ఖమ్మం వెళ్లాలి. పొద్దున్నే బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి ఆయన టెస్టర్ పట్టుకుని నా బోర్డు మీదికి వంగి ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అమ్మా, తిప్పే మర ఏడ బెట్టిందే ఇది?"

నా చేతిలోని ఖాళీ బకెట్ జారిపడింది. ఆయనేనా? రోజూనా? అత్తయ్యకూ తెలుసా? ఆయన తిరిగి చూసి తెల్లబోయాడు.

"నువ్వు ఖమ్మం బోతే అమ్మకు వండిపెట్టేదెవరని..." అని నసిగాడు.

ఆయన్ని పక్కకు జరగమని బోర్డును టవల్‌లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

"దీనికి తిప్పే మర ఉండదు," అని చెప్పి బస్సుకు బయల్దేరాను.